వెతికేవాళ్ళ మాటలు

ఉజ్మా ఉద్యోగం మదనపల్లెలో, ఇల్లు పుంగనూరులో. మదనపల్లె బస్టాండు పక్క సందులో జగదీష్ నడిపే చిన్న ఆఫీసులో ఆమె వెబ్ పేజీలు రాస్తుంది. టమాట నారు అమ్మే నర్సరీ కావచ్చు, పట్టుచీరల కొట్టు కావచ్చు, పళ్ళ డాక్టరు కావచ్చు, గూగుల్లో వాళ్ళ పేజీ అందరికంటే పైన కనబడేలా చెయ్యడం ఆమె పని.

అందులో పెద్ద మంత్రమేమీ లేదని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది. అవసరంలో ఉన్న మనిషి ఫోన్లో ఏ మాటలు కొడతాడో ఆ మాటలే పేజీ పేరులో ఉండాలి, మొదటి పేరాలో ఉండాలి, ఫోటో కింద ఉండాలి. ఊరు, వీధి, మ్యాపు, ఫోన్ నంబరు తడుముకోకుండా దొరకాలి. నర్సరీ ఆయన తన పేజీకి 'నాణ్యమైన వ్యవసాయ పరిష్కారాలు' అని పేరు పెట్టుకుంటే, ఉజ్మా అది కొట్టేసి 'మదనపల్లెలో టమాట నారు' అని రాసింది. ఆ సీజనంతా ఆయన ఫోన్ మోగుతూనే ఉంది.

కుప్పంలో సరస్వతమ్మ అనే రిటైరైన నర్సు ఆడవాళ్ళ కోసం ఒక ఆశ్రయం నడుపుతోంది. బెంగుళూరు వైపు నుంచో మద్రాసు వైపు నుంచో వచ్చే రైళ్ళలో దారి తప్పి దిగిపోయినవాళ్ళకు అక్కడ మంచం, అన్నం దొరుకుతాయి. వాళ్ళ ఇంటివాళ్ళను వెతకడం మాత్రం ఆమెకు చేతకావడం లేదు. ఈమధ్య వచ్చిన ఒకామె గురించి 'గుర్తు తెలియని మహిళ' అని పేపర్లో వేయిస్తే ఒక్క ఫోనూ రాలేదట. ఆ మాట విని ఉజ్మా, డబ్బు తీసుకోకుండా పేజీ చేసిస్తానంది.

"ఇంట్లోవాళ్ళకు ఆమె గుర్తు తెలియని మనిషి కాదు గదమ్మా. వాళ్ళు ఆ మాట యాల కొడతారు?" అంది సరస్వతమ్మతో.

ఒక ఆదివారం కుప్పం వెళ్ళి ఆ మనిషిని చూసింది. ముప్పై ఏళ్ళుంటాయి. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద స్పృహ తప్పి పడి ఉంటే ఆస్పత్రిలో చేర్చారు. తల వెనక కుట్లు వేసి, బాగయ్యాక ఆశ్రయానికి పంపారు. తింటుంది, చెప్పిన పని చేస్తుంది, నోరు మాత్రం విప్పదు. ఉజ్మా వెళ్ళేసరికి గోడకు వీపు ఆనించి, వాకిలి వైపు చూస్తూ చెనక్కాయలు వలుస్తోంది. ఫోటో తీయబోతే కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఉజ్మా ఓపికగా కూర్చుని చాలా ఫోటోలు తీసింది. ఎవరో లోపలి నుంచి పిలిస్తే ఆమె తలెత్తిన క్షణంలో ఒకటి బాగా వచ్చింది. ఎడమ కనుబొమ మీది పాత మచ్చతో సహా ముఖం స్పష్టంగా ఉంది. పేజీలో అదే పెట్టింది.

రాయడానికి కూర్చున్నప్పుడు, స్టేషన్లన్నీ తిరుగుతూ ఫోన్లో వెతుక్కుంటున్న ఒక భర్త ఉజ్మా కళ్ళ ముందు కదిలాడు. అందుకని పేజీకి 'భార్య కనిపించడం లేదా? కుప్పంలో ఒక మహిళ ఉన్నారు' అని పేరు పెట్టింది. అదే కన్నడంలో, తమిళంలో కూడా రాయించింది. వయసు, రంగు, కనుబొమ మీది మచ్చ, దొరికిన రోజు వివరంగా చెప్పింది. తలకు తగిలిన దెబ్బ సంగతి మాత్రం, ఇంటివాళ్ళు బెంబేలు పడతారని రాయలేదు. అడుగున ఆశ్రయం పేరు, వీధి, గుర్తులు, మ్యాపు. ఆశ్రయంలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి నంబరు తనదే ఇచ్చింది.

వారం తిరక్కుండానే పేజీ మొదటి స్థానానికి వచ్చింది. వార్తల సైటు నడిపే మహేష్ అనే అతను అడగకుండానే దాన్నంతా ఎత్తి తన సైటులో పెట్టుకున్నాడు. అది రెండో స్థానంలో నిలబడింది. ఇంకో నలుగురు చూస్తారులే అని ఉజ్మా సంతోషించింది కూడా.

శనివారం ఆఫీసు ఒంటిపూటే. మధ్యాహ్నం పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఫోన్ మోగింది.

"నా పేరు శేఖర్ అండీ, బెంగుళూరు నుంచి. మీ పేజీలో ఉండే ఫోటో నా భార్యది. ప్రసన్నలక్ష్మి." ఆ తర్వాత అతను ఏడ్చేశాడు.

ఉజ్మాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె బాగానే ఉందని, మంచివాళ్ళ దగ్గర ఉందని చెప్పింది. మచ్చ ఎలా పడిందని అడిగితే, బాత్‌రూములో జారిపడిందని ఠక్కున చెప్పాడు.

"ఏమన్నా మాట్లాడిందాండీ?"

"లేదండీ. ఇంతవరకూ ఒక్క మాట లేదు."

"వాళ్ళక్క పేరు గానీ, ఎవురి పేరన్నా గానీ?"

"లేదండీ."

అతను ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఇప్పుడే స్టేషన్‌కు వచ్చానని, రైలెక్కి సాయంత్రానికల్లా కుప్పంలో దిగుతానని అన్నాడు. "నేను వస్తాండానని ఆమెకు చెప్పొద్దండి. తలకు దెబ్బ తగిలింది గదా, భయపడతాది" అని పెట్టేశాడు.

ఉజ్మా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. తను రాసిన పేజీ ఒక మనిషిని ఇల్లు చేరుస్తోందన్న సంతోషం ఇంకా తీరలేదు. అంతలో అతని చివరి మాట మళ్ళీ చెవిలో పడినట్టయింది. తలకు దెబ్బ తగిలిందని ఇతనికెవరు చెప్పారు? పేజీ తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎక్కడా లేదు. కుట్లు తల వెనక ఉన్నాయి, ఫోటోలో కనబడవు.

సరస్వతమ్మకు ఫోన్ కొట్టింది. సిగ్నల్ పోయింది. మళ్ళీ కొట్టింది. దొరికాక, ఆమెను ప్రసన్నా అని పిలిచి చూడమని, అంతకు మించి ఏమీ చెప్పొద్దని అడిగింది. సరస్వతమ్మ ఫోన్ పట్టుకునే లోపలికి నడిచింది. పిలిచింది. ఆ తర్వాత ఏదో గిన్నె దొర్లిన శబ్దం, తలుపు పడిన శబ్దం వచ్చాయి. సరస్వతమ్మ చాలాసేపు తలుపు బయట నిలబడి మెల్లగా ఏదో నచ్చజెప్పింది. చివరికి ఉజ్మా ఎప్పుడూ వినని ఒక గొంతు ఫోన్లోకి వచ్చింది.

"నేను ఈడుండానని ఆయనకు ఎవురు చెప్పినారు?"

ఏం జరిగిందో చెప్పమని ఉజ్మా అడిగింది.

ప్రసన్న తడబడుతూనే అంతా చెప్పింది. శేఖర్ తన తలను గోడకేసి కొట్టాడు. అది మొదటిసారి కాదు, కనుబొమ మీది మచ్చా అలా పడిందే. అయిదేళ్ళ కూతుర్ని అంతకు ముందే ముళబాగిలు దగ్గరి పల్లెలో అక్క ఇంట్లో వదిలింది. ఆ ఊళ్ళో బావ తరఫువాళ్ళు శేఖర్‌ను అడుగు పెట్టనివ్వరు. తనూ అక్కడికే పోదామని రైలెక్కింది. ఫోన్ అతనే పగలగొట్టాడు, నంబర్లేవీ గుర్తులేవు. బంగారపేటలో దిగాల్సింది, కళ్ళు తిరుగుతుంటే స్టేషన్ దాటిపోయింది. కుప్పంలో దిగడం వరకే తెలుసు.

"పేరు చెప్తే ముందు మొగునికే గదమ్మా ఫోన్ చేస్తారు. అందుకే నోరు మూసుకున్యా" అంది.

బస్సు పుంగనూరు చేరేలోపు ఉజ్మా, సరస్వతమ్మ కలిసి ఒకటి తేల్చుకున్నారు. ప్రసన్నను వెంటనే ఆటోలో కుప్పం పోలీస్ స్టేషన్‌కు చేర్చాలి. అక్కడ హెడ్ కానిస్టేబుల్ వెంకటేశులు సరస్వతమ్మకు బాగా తెలిసినవాడు. ఆ సాయంత్రం ఊళ్ళో ఏదో సభ ఉండి స్టేషన్లో మనుషులు తక్కువగా ఉన్నారు. ఉన్న మహిళా కానిస్టేబుల్‌ను ప్రసన్న పక్కన కూర్చోబెట్టి, మిగతాది తను చూసుకుంటానని ఆయన మాటిచ్చాడు. ఆశ్రయంలో ఇంకొందరు ఆడవాళ్ళున్నారు కాబట్టి సరస్వతమ్మ వాళ్ళ దగ్గరికి తిరిగి వచ్చేసింది.

బస్సు దిగుతూనే ఉజ్మా వాళ్ళ నాయన బాబ్జాన్ జిరాక్స్ షాపుకు పరుగెత్తింది. అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. బాబ్జాన్ ఇంకేమీ అడగకుండా, కాగితాలు పట్టుకుని నిలబడినవాళ్ళను పక్క షాపుకు పొమ్మని, షట్టర్ సగానికి దించాడు.

ఉజ్మా జగదీష్‌కు ఫోన్ చేసింది. సంగతి వినగానే పేజీ తీసిపారెయ్యమన్నాడు.

"తీస్తే మహేష్ పేజీ మొదటికొస్తాది సార్. దాంట్లో పాత అడ్రసు అట్లే ఉండాది."

"ఆయప్ప ఎట్లా ఒకసారి చూసేసినాడు గదమ్మా. ఇప్పుడు మార్చి ఏం లాభం?"

"వీధి పేరు ఎవురూ మనసులో పెట్టుకోరు సార్. రైలు దిగినాక మళ్ళా ఫోన్లో అవే మాటలు కొడతాడు, మళ్ళా మన పేజీనే తెరుస్తాడు. అది పైన నిలబడాల. లోపల మాత్రం వేరేది కనబడాల."

జగదీష్ ఒప్పుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి, మహేష్ ఫోన్ ఎత్తడం లేదని, తానే బండి మీద వాళ్ళింటికి పోయి ఆ కాపీ తీయిస్తానని చెప్పి పెట్టేశాడు.

ఉజ్మా పేజీ పేరు ముట్టుకోలేదు, మొదటి పేరాలో మాటలూ కదిలించలేదు. వాటిని కదిలిస్తే పేజీ జారిపోవచ్చు. ఫోటో తీసేసింది. ఆశ్రయం పేరు, వీధి, గుర్తులు చెరిపేసింది. మ్యాపులో గుర్తును కుప్పం పోలీస్ స్టేషన్ మీదికి మార్చింది. దాని కింద, బంధువులు ఆధారాలతో ముందుగా పోలీస్ స్టేషన్‌లో కలవాలి అని రాసింది. మొదటి రోజే ఇలా రాసి ఉండాల్సిందని ఆ వాక్యం కొడుతున్నంతసేపూ అనిపించింది. ఫోన్లో పేజీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, పాతదేదీ మిగల్లేదని చూసుకుంది.

బాబ్జాన్ వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఆ పిల్ల ఒప్పుకునిందా ఫోటో పెట్టేదానికి?" అని అడిగాడు.

ఉజ్మా తల తిప్పలేదు. ముఖం మీదికి లాక్కున్న ఆ కొంగు ఆమెకు కనబడుతూనే ఉంది.

"లేదబ్బా" అంది.

ఆయన పోయి, టీ తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టాడు.

పేజీని ఆ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో చూపించే తెర ఒకటి ఉంటుంది. ఉజ్మా దాన్ని తెరిచి కూర్చుంది. సున్నా. టీ చల్లబడింది. ఎదురుగా పాల ఆటో ఆగి, క్యాన్లు దించి, వెళ్ళిపోయింది. సున్నా. రైలు ఎక్కడి దాకా వచ్చిందో ఫోన్లో చూస్తే కుప్పానికి దగ్గరపడుతోంది. వెంకటేశులుకు మరోసారి ఫోన్ చేసింది. ప్రసన్న తన ఎదురుగానే కూర్చుని ఉందని, నీళ్ళు కూడా తాగడం లేదని ఆయన చెప్పాడు.

తెర మీద సున్నా ఒకటయింది.

అది శేఖరే కానక్కరలేదు. ఎవరైనా కావచ్చు. అయినా ఉజ్మా కుర్చీ అంచుకు జరిగింది. ఆ ఒకటి అలాగే నిలబడి ఉంది. ఎవరో పేజీని పైకీ కిందికీ జరుపుతూ దేనికోసమో చూస్తున్నారు. అప్పుడు ఆమె ఫోన్ మోగింది.

"నేను కుప్పంలో దిగినానండీ. మధ్యాన్నం యాదో ఆశ్రమం అడ్రసు ఉండె గదా. ఇప్పుడు పోలీస్ స్టేషన్ అని చూపిస్తాండాది."

"అవునండీ. బంధువులెవరొచ్చినా ముందు ఆడికే పోవాల. అదే పద్ధతి." అంది ఉజ్మా.

"మధ్యాన్నం ఆ మాట చెప్పలేదే మీరు."

"చెప్పాల్సింది. నాదే తప్పు."

మళ్ళీ మాట్లాడినప్పుడు అది మధ్యాహ్నం ఏడ్చిన మనిషి గొంతు కాదు.

"అది మాట్లాడింది. ఏం చెప్పింది నీకు?"

"స్టేషన్‌కు పోండి. అన్నీ వాళ్ళే చెప్తారు."

"నా పెండ్లాన్ని దాచిపెట్టేదానికి నువ్వెవురు?"

ఫోన్ కట్టయింది. తెర మీద ఒకటి సున్నా అయింది.

అతను పేజీ మూసేశాడు. మూసినవాడు ఇంటికి పోడు, దాని కిందున్నది తెరుస్తాడు. ఉజ్మా తనూ అవే మాటలు కొట్టి చూసింది. రెండో స్థానంలో మహేష్ పెట్టిన కాపీ, పాత అడ్రసుతో, పాత ఫోటోతో అలాగే ఉంది. జగదీష్‌కు ఫోన్ చేస్తే, మహేష్ ఇంట్లో లేడని, మార్కెట్ యార్డు వైపు పోయాడంటే అక్కడికే వెతుక్కుంటూ పోతున్నానని చెప్పాడు. వెనక నుంచి లారీ హారన్లు. ఉజ్మా ఫోన్ పెట్టి సరస్వతమ్మకు చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. వెంకటేశులుకు చేసి, అతను మీ దగ్గరికి రాడు, ఆశ్రయానికే పోతున్నాడు అని ఒక్క మాట చెప్పింది. ఆయన వెంటనే కదిలాడు.

ఆ తర్వాత జరిగింది ఉజ్మాకు ఆ రాత్రి ఆస్పత్రి నుంచి సరస్వతమ్మే చెప్పింది. శేఖర్ ఆటో దిగి గేటు తన్నాడు. లోపలున్న ఆడవాళ్ళను గదిలోకి పంపి గడియ పెట్టమని, సరస్వతమ్మ ఒక్కతే గేటుకు అడ్డంగా నిలబడింది. ప్రసన్న ఇక్కడ లేదని చెప్పినా వినలేదు. ఆమెను తోసేసి లోపలికి వచ్చాడు. మెట్ల మీద పడినప్పుడు ఆమె మణికట్టు విరిగింది. అతను గది తలుపు మీద బాదుతుండగా వెంకటేశులు బండి వచ్చి ఆగింది. పక్కింటివాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. స్టేషన్‌కు పట్టుకుపోతే, అక్కడ తన భార్యను అప్పగించమని పెళ్ళి ఫోటో చూపించి అరిచాడట. మహిళా కానిస్టేబుల్ ప్రసన్నను అడిగితే, అతని ఎదురుగానే, పోనని చెప్పింది. సరస్వతమ్మ చేతికి, ప్రసన్న తలకు తగిలిన దెబ్బల మీద కేసు రాశారు.

"నా చేతిదేముంది, అతుక్కుంటాది. నువ్వు ఏడ్వొద్దు" అంది సరస్వతమ్మ. ఉజ్మా ఏడుస్తూనే ఉంది.

మహేష్ చీకటి పడ్డాక దొరికాడు. జగదీష్ అతని ఎదుటే నిలబడి కాపీ తీయించాడు.

మరుసటి రోజు ఉజ్మా కుప్పం వెళ్ళింది. ముళబాగిలు వైపు పోలీసుల ద్వారా కబురందుకుని ప్రసన్న అక్క అప్పటికే వచ్చి ఉంది. పెద్దగా చదువుకోని మనిషి, మోటుగా, దిట్టంగా ఉంది. పాప అమ్మ ఒళ్ళోంచి దిగడం లేదు. ఉజ్మా ఎవరో తెలియక అక్క ఆమెకు కూడా చేతులెత్తి మొక్కబోయింది. ఉజ్మా ఆ చేతులు పట్టుకుని ఆపింది.

ఇన్నాళ్ళూ ఫోన్లో వెతికారా అని అడిగింది.

"ఎందుకు వెతకల్యా? నాకు కొట్టేది రాదు. మైకు నొక్కి రోజూ అడగతాండ్యా. నా చెల్లెలు ప్రసన్న యాడుండాది, నా చెల్లెలు కనపడల్యా అని. ఏవేవో పాటలొచ్చేవి" అంది అక్క.

ఉజ్మా తన పేజీని మనసులో మొదటి నుంచి చివరి దాకా చదువుకుంది. మూడు భాషల్లో రాయించిన ఆ పేజీలో భార్య అనే మాట అడుగడుగునా ఉంది. చెల్లెలు అనే మాట ఒక్కచోటా లేదు. ఈ మనిషి రోజూ అడుగుతున్నా పేజీ ఆమెకు కనబడలేదు.

ఆ సంగతి ప్రసన్నకు చెప్పింది. ఫోటో అడగకుండా పెట్టానని, తప్పు చేశానని కూడా చెప్పింది. ప్రసన్న పాప తల నిమురుతూ విన్నది. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు.

"ఆ పేజీ ఇప్పుడేం చెయ్యమంటావు? నువ్వెట్లా చెప్తే అట్లా" అని అడిగింది ఉజ్మా.

"తీసెయ్."

ఉజ్మా ఆమె పక్కనే కూర్చుని, ఫోన్ ఆమెకు కనబడేలా పట్టుకుని తీసేసింది. వెతికితే ఇంకా కొన్నాళ్ళు ఆ పేరు పైన కనబడుతుందని, నొక్కితే మాత్రం ఏమీ తెరుచుకోదని, అదీ తొందరగా పోయేలా గూగుల్‌కు అర్జీ పెడతానని చెప్పింది.

ప్రసన్న అడిగింది. "నా పేరు కొడితే ఏమొస్తాది?"

ఉజ్మా ఫోన్ ఆమె చేతికే ఇచ్చింది. ప్రసన్న ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. ఎవరో ప్రసన్నలక్ష్మి అనే లెక్చరర్, ఎవరో సంగీతం టీచరు, ముగ్గుల పోటీలో గెలిచిన ఇంకొకామె వచ్చారు. తను ఎక్కడా లేదు. ఆమె కిందికి జరుపుతూ వాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. పాప కూడా తల దూర్చి, ముగ్గుల దగ్గర ఆపమంది. ఇద్దరూ ఆ ముగ్గు చూస్తుండగా, అన్నానికి రమ్మని అక్క లోపలి నుంచి పిలిచింది.